మేజోళ్ళతో నడవాల్సిన గుహ

ఈ వారం మిమ్మల్ని కాస్త దూరమే తీసుకెళ్తున్నాను. మధ్య అమెరికాలో బెలీజ్ అని ఓ చిన్న దేశం. అక్కడి శాన్ ఇగ్నాసియో ఊరికి దగ్గర్లో, అడవిలో, ఆక్టున్ తునిచిల్ ముక్నాల్ అనే గుహ ఉంది. నోరు తిరగడం లేదా? ఫర్వాలేదు, అందరూ పొట్టిగా ‘ఏటీఎం’ అనే పిలుస్తారు. డబ్బులిచ్చే ఏటీఎం కాదు లెండి!

లైసెన్సున్న గైడు లేనిదే లోపలికి పంపరు. ముప్పావు గంట అడవిలో నడిచి, వాగులు దాటి వెళ్తే గుహ ముఖద్వారం దగ్గరే ఈత కొట్టాలి. తలకి హెల్మెట్, దానికో దీపం. ఒక్కోచోట మెడలోతు చన్నీళ్ళు.

ఆ తర్వాత రాళ్ళెక్కి పొడిగా ఉన్న పెద్ద గదిలోకి చేరతారు. అక్కడ బూట్లు విప్పించి మేజోళ్ళతో నడిపిస్తారు. ఎందుకంటారా? కాళ్ళ దగ్గరే కుండలు! వెయ్యేళ్ళు దాటిన బానలూ, గిన్నెలూ సున్నపునీటికి నేలకి అతుక్కుపోయి ఉంటాయి. చాలావాటిని కావాలనే పగలగొట్టారు, కొన్నిటికి చిల్లు పొడిచారు. మాయా ప్రజలకి గుహ అంటే పాతాళానికి దారి, వానదేవుడు చాక్ ఉండే చోటు. క్రీ.శ. 700-900 మధ్య వానలు మొహం చాటేసిన కొద్దీ, జనం గుహలో ఇంకా ఇంకా లోపలికి వెళ్ళి మొక్కుకున్నారని పరిశోధకులు అంటారు.

కుండలతో ఆగలేదు. పద్నాలుగు మంది అస్థికలు ఉన్నాయక్కడ, పసిపిల్లలవి కూడా. బలి ఇచ్చారనే చాలామంది అభిప్రాయం. ‘ఎంత మూఢులో’ అని మనం తేలిగ్గా అనేస్తాం. చేలు ఎండిపోయి, గాదె ఖాళీ అయిన ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న తల్లి ఏమనుకుందో ఎవరు చెప్పగలరు చెప్పండి?

అన్నిటికన్నా లోపల, నిచ్చెనెక్కి చూడాల్సింది ‘స్ఫటిక కన్య’. ఎముకలకి సున్నపుపొర పట్టి దీపం వెలుగులో తళతళలాడతాయి. కన్య అన్నారే గానీ, యుక్తవయసు కుర్రవాడై ఉండొచ్చని తర్వాత పరీక్షించినవాళ్ళు చెప్పారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

కెమెరా తీసుకెళ్ళనివ్వరు. 2012లో ఓ యాత్రికుడి చేతిలోంచి కెమెరా జారి ఒక పుర్రె మీద పడి చిల్లు పడింది. అప్పటినుంచీ నిషేధమే.

మీ పిల్లలెవరైనా అటు వెళ్తుంటే మార్చుకోవడానికి బట్టలు, ఒక జత మేజోళ్ళు ఎక్కువే సర్దమనండి. వాగు పొంగితే ఆ రోజుకి గుహ మూసేస్తారు, అదీ ముందే కనుక్కోమనండి.