శనివారము రాత్రి ఆ డబ్బా ఎవరి ఇంట ఉన్నది?



క్రికెట్ పిచ్చిని గురించియే ఈ పేజీలో ఎన్నడును వ్రాయని మేము ఈ నెల అమెరికా దేశపు బేస్‌బాల్ గురించి వ్రాస్తున్నామంటే మీలో కొందరు నవ్వుకొంటారు. నవ్వినా ఫర్వాలేదు. ఆట తెలియని అమ్మమ్మలకు కూడా అర్థమయ్యే సంగతి ఇది. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టము వంటిది. గుండ్రని కర్రతో బంతిని కొట్టి నాలుగు మూలలు చుట్టి రావాలి. బంతి వెళ్లి ప్రేక్షకులలో పడితే దానిని హోమ్‌రన్ అంటారు, మన సిక్సరు వలె. పెద్ద జట్లు ఒక్కొక్కటి ఏటా 162 ఆటలు ఆడతాయి. అందుచేత అక్కడ శిక్షను ఆటలతో లెక్కిస్తారు. ఇన్ని ఆటలకు సస్పెన్షన్ అంటే అన్ని ఆటలకు జీతము లేదని అర్థము.

2011 అక్టోబరు 1వ తేదీ, శనివారము. మిల్వాకీ నగరపు బ్రూయర్స్ జట్టులో రయన్ బ్రాన్ అనే ఆటగాడు ఆ సంవత్సరము అందరికంటె పేరు పొందినవాడు. ఆనాటి ఆట ముగిసిన పిమ్మట పరీక్ష నిమిత్తము అతని మూత్రము తీసుకొన్నారు. తీసుకొన్న ఉద్యోగి ఆ సీసాలకు సీలు వేశాడు. అప్పటికి ప్రొద్దుపోయినది, ఈ రాత్రి ఇచ్చినా కొరియరువారు సోమవారము వరకు పంపరు అని తలంచి, డబ్బాను తన ఇంటికి తీసుకొనిపోయి భద్రపరచి, సోమవారము పంపించాడు. కెనడాలోని మాంట్రియల్ ప్రయోగశాలకు చేరేసరికి సీళ్లు చెక్కుచెదరలేదు. పరీక్షలో మాత్రము టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోను ఉండవలసిన దానికంటె ఎంతో ఎక్కువగా కనబడినది.

నియమము ప్రకారము 50 ఆటల సస్పెన్షన్. బ్రాన్ అప్పీలు చేశాడు. అతని వాదన ఏమనగా, నమూనాను అదే దినమున పంపాలని నిబంధన ఉండగా రెండు రాత్రులు ఒకరి ఇంటిలో ఎందుకు ఉన్నది? శ్యామ్ దాస్ అనే మధ్యవర్తి 2012 ఫిబ్రవరి 23న ఈ వాదనను అంగీకరించగా శిక్ష రద్దయినది. మేము దీనిని తప్పుపట్టము. శిక్షించే చేయి తన నియమమును తాను పాటించవద్దా? అయితే కొద్ది నెలలకే ఆ మధ్యవర్తిని బేస్‌బాల్ పెద్దలు తొలగించారు. అది మాకు నచ్చలేదు.

మరునాడు జరిగినదే మమ్మును ఈ వ్యాసము వ్రాయించినది. బ్రాన్ కెమెరాల ముందు నిలబడి, ఆ మందు తన శరీరములోనికి ఎన్నడును వెళ్లలేదని ప్రాణము పందెము పెట్టేటంతగా చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. నమూనా తీసినవానిని గురించి, ఆ రెండు రాత్రులు ఏమి జరిగియుండునో అని జనులు అనుమానించేలా మాటలాడాడు. ఆ ఉద్యోగి ఎంతటివాడు? ఏళ్ల తరబడి అదే పని నమ్మకముగా చేస్తూ వచ్చిన సామాన్యుడు. తనకు నేర్పిన పద్ధతినే పాటించానని, ఈ గొడవతో తన కుటుంబము కష్టపడుతున్నదని ఒక ప్రకటన ఇచ్చి మౌనము వహించాడు. కోట్ల డాలర్ల ఆటగాని మాట ఎదుట ఆ మాట ఎవరి చెవికి ఎక్కుతుంది? మన ఊళ్లలో కూడా చూడండి, సొసైటీ లెక్క తేలనప్పుడు మొదట అనుమానించేది గుమాస్తానే.

2013 జనవరిలో మయామీ పత్రిక ఒకటి ఫ్లోరిడాలోని బయోజెనెసిస్ అనే క్లినిక్ చిట్టాలను బయటపెట్టినది. దానిని నడిపిన ఆంథొనీ బాష్ ఆటగాళ్లకు నిషిద్ధమైన మందులు అమ్మేవాడు. చిట్టాలో బ్రాన్ పేరు కూడా ఉన్నది. అదే జూలై 22న అతడు 65 ఆటల సస్పెన్షన్‌కు ఒప్పుకొన్నాడు. ఆగస్టు నెలలో ఒక ప్రకటన వ్రాసి, 2011లో మందు వాడినది నిజమేనని, నమూనా తీసిన ఉద్యోగిని క్షమాపణ కోరుతున్నానని తెలిపాడు. నింద నోటితో లోకమంతా వినేటట్లు వచ్చినది. క్షమాపణ ఏడాదిన్నర తరువాత కాగితము మీద వచ్చినది.

శిక్ష వలన అతనికి ఆ ఏడు ముప్పది లక్షల డాలర్లకు పైగా పోయినది. కాని 2016 నుండి 2020 వరకు అయిదేండ్లకు 10 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందము అతని చేతిలో అలాగే ఉన్నది. 2011లో పొందిన ఉత్తమ ఆటగాని బహుమానము కూడా అతనివద్దనే ఉన్నది. 2014లో మొదటి ఆటకు వచ్చినప్పుడు మిల్వాకీ ప్రజలు లేచి నిలిచి చప్పట్లు కొట్టారు.

ఈ శిక్షలైనా ఇటీవల వచ్చినవే. 1991లో స్టెరాయిడ్లు కూడదని కమిషనరు ఒక లేఖ పంపారు గాని పరీక్షలు లేవు. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70 హోమ్‌రన్‌లు, సామీ సోసా 66 కొట్టినప్పుడు స్టేడియములు నిండినవి, యజమానుల పెట్టెలు కూడా నిండినవి. తాను మందు వాడినట్లు మెక్‌గ్వైర్ 2010లో గాని ఒప్పుకొనలేదు. 2005లో మొదటి తప్పుకు శిక్ష 10 దినములే. ఆ మార్చిలో అమెరికా పార్లమెంటు సంఘము ముందు వ్రేలు చూపించి, తాను ఎన్నడును వాడలేదన్న రఫాయెల్ పాల్మీరో అదే ఆగస్టులో సస్పెండయ్యాడు. తరువాత 2006 నుండి మొదటిసారి 50 ఆటలు, రెండవసారి 100, మూడవసారి జీవితకాలము అన్నారు. 2014లో దానిని 80కి, 162కి పెంచారు. ఆ ఏడాదియంతయు ఆటకు దూరమైన అలెక్స్ రోడ్రిగెజ్ జీతములో అధిక భాగము యాంకీస్ జట్టు యజమానులకు మిగిలినది. ఇది మాకు వింతగా తోచినది. ఆటగాని తప్పువలన యజమానికి లాభము ఎందుకు రావాలి? మందులు పారిన కాలములో కమిషనరుగా ఉన్న బడ్ సీలిగ్‌ను 2017లో గౌరవ మందిరములో చేర్చుకొన్నారు. 762 హోమ్‌రన్‌ల బ్యారీ బాండ్స్‌కు 2022 వరకు పదిమార్లు పత్రికా రచయితల ఓట్లు చాలలేదు.

మొదటి తప్పుకే జీవితకాలము వెలివేయాలని మా ఇంటిలో ఒక పెద్దవారు అంటారు. మేము ఒప్పుకోము. శరీరములోనికి ఏది వెళ్లినా బాధ్యత ఆటగానిదే అని నియమము. అజాగ్రత్తయైనా, మోసమైనా మొదటిసారికి లెక్క దాదాపు ఒక్కటే. 2022లో ఫెర్నాండో టాటిస్ తామర మందు వలన అలా జరిగినదని చెప్పాడు, అయినా 80 ఆటలు పోయినవి. నమ్మడము నమ్మకపోవడము మీ ఇష్టము. తలుపు ఒక్కసారే మూసివేసే పద్ధతిలో ఒక్క పొరపాటు తీర్పును కూడా సరిదిద్దలేము కదా.

తలిదండ్రులు గమనించవలసినది వేరొకటి ఉన్నది. బాష్ హైస్కూలు పిల్లలకు కూడా ఆ మందులు చేర్చాడు. 2015లో అతనికి నాలుగేండ్ల జైలు పడినది. దానికి ముందే, 2003లో, టెక్సస్‌లోని ప్లానో పట్టణములో పదునేడేండ్ల బేస్‌బాల్ విద్యార్థి ఆత్మహత్య చేసుకొన్నాడు. స్టెరాయిడ్లు వాడి మానివేసినందున కలిగిన మానసిక క్రుంగుదలయే దీనికి కారణమని తండ్రి 2005లో ఆ పార్లమెంటు సంఘము ముందు చెప్పాడు. బయటినుండి హార్మోను ఎక్కిస్తే శరీరము తన సొంత ఉత్పత్తిని ఆపుకొంటుంది. అకస్మాత్తుగా మానితే కొందరి మనస్సు చీకటిలో పడుతుంది. పిల్లవాడు త్వరత్వరగా కండలు పెంచుతూ, గదిలో మూలగా కూర్చుండి, చిన్నమాటకు కోపపడుతుంటే అడగండి. జిమ్ డబ్బాలో ఏమున్నదో చదివించుకోండి. ఇది అమెరికాకే పరిమితమైన సంగతి కాదు.

డొమినికన్ రిపబ్లిక్ అనే ద్వీపదేశములో చెరకు తోటల ప్రాంతములలో పేదపిల్లలు పదహారేండ్లకే జట్లతో ఒప్పందము చేసుకొంటారు. వారిని తయారుచేసే దళారి వచ్చే సొమ్ములో పెద్ద వాటా తీసుకొంటాడు. అక్కడ సూది వేసే చేయి ఎన్నోసార్లు ఆ పిల్లవానిది కాదు. ఆ దేశపు జెన్రీ మెహియా బాల్యములో బూట్లు పాలిష్ చేసి, న్యూయార్క్ మెట్స్ జట్టుకు వచ్చినవాడు. 2015 ఏప్రిల్‌లో 80 ఆటలు, జూలైలో 162, 2016 ఫిబ్రవరిలో జీవితకాలము. అట్టి శిక్ష పొందిన మొదటివాడు ఇతడే, అప్పటికి వయస్సు 26. రెండేండ్ల తరువాత తిరిగి అనుమతించారు. ఒక జట్టు అతనిని చిన్న లీగుకు తీసుకొన్నది. పెద్ద లీగులో అతడు మరల ఆడలేదు.