తుప్పుకు కూడా వయసు రాయాలె

ఇయ్యాల సెలవు. బట్టలు ఉతికి ఆరేసిన, వంట వంతు కూడా నాది కాదు. అందుకే కొంచెం పొడుగు రాస్తున్న.

నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల ఒక మెటల్ వర్క్‌షాప్‌ల చేస్తనని మీలో చాలామందికి తెలుసు. పాత కార్లంటే ప్రాణమిచ్చేటోళ్లు గోడకు తగిలించుకునే ఇనుప బోర్డులు మా పని. మస్టాంగ్ బొమ్మ, ఎఫ్‌జే40 ల్యాండ్ క్రూజర్ ముందు భాగం, రూట్ 66 గుర్తు, పాత పెట్రోల్ బంకుల మీద ఉండే గుండ్రటి రేకులు, ఇట్లాంటివి. మా రూమ్‌ల ఒక తమ్మి "గా తుప్పు రేకుకు గన్ని దిర్హాంలా, పిచ్చోళ్లన్నా వాళ్లు" అని నవ్వుతడు.

పిచ్చి అని నేను అనను. మొన్న ఒక పెద్దాయన పాత ఫోటో పట్టుకొని వచ్చిండు. వాళ్ల నాయన నడిపిన ఎఫ్‌జే40 అది. 1960 నుంచి 1984 దాకా టొయోటా వాళ్లు చేసిన బండి, ఈ ఎడారిల దానికి ఉన్న ఇజ్జత్ మనకు తెలుసు. ముందు లైటు ఒకటి సొట్టపోయి ఉంటే ఆ సొట్ట కూడా అట్లనే రావాలన్నడు. బోర్డు చేతిల పెడితే ఆ సొట్ట మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డడు. ధర గురించి ఒక్క మాట అడగలే. కొత్తగ చేసిన రేకని ఆయనకు తెల్వదా? మంచిగ తెలుసు.

నాకు మంట అనిపించేది వేరే.

తుప్పు ఎట్ల పట్టిస్తమో చెప్త. ఇనుప రేకును లేజర్‌తో కోసి, రుద్ది, నూనె జిడ్డు లేకుండ కడుగుతం. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఉప్పు కలిపిన నీళ్లు కొడితే నిమిషాలల్ల ఎర్రబడుతది. కడిగి, ఆరబెట్టి, పైన మెరుపు లేని లక్క కొట్టి ఆ తుప్పును అక్కడనే ఆపుతం. పొద్దున రేకు, సాయంత్రానికి తాత.

ఇందుల తప్పేం లేదు, అది కూడా ఒక పనితనమే. కానీ కొన్ని నెలల కింద ఒక బజార్ల మా బోర్డే కనబడ్డది. మూలకు రంధ్రం పక్కకు జరిగింది నా డ్రిల్లే, ఎక్కడున్నా గుర్తుపడత. అమ్మేటాయన ఒక జంటతోని "1960లల్ల అమెరికాల చేసింది" అంటుండు. మా ముదీర్‌కు అతను పెద్ద గిరాకీ. నేను నోరు మూసుకొని బయటికి వచ్చిన. ఆ రాత్రి నిద్ర పట్టలే.

"ఖల్లివల్లి అన్నా, నీ జీతం నీకు వస్తుంది కదా" అన్నరు రూమ్‌ల. జీతం వస్తది. కానీ ఆ రేకు అమెరికాల అరవై ఏండ్ల కింద పుట్టిందంటే, దాని మీద పని చేసిన నేను, పక్కన రుద్దిన నేపాలీ తమ్ముడు అసలు లేనట్టే కదా. అబద్ధం కొన్నోని జేబునే కాదు, చేసినోని చెయ్యిని కూడా కొట్టేస్తది.

మీరు ఊరికి పోయేటప్పుడు హైదరాబాద్‌ల దోస్తుల కేఫ్‌లకు, షాపులకు ఇవి కొనుకపోతున్నరు కాబట్టి ఒక మాట. నిజమైన పాత పెట్రోల్ బోర్డులు చాలా మటుకు ఎనామిల్‌వి. గాజు పొడిని ఇనుము మీద వేసి సుమారు 800 డిగ్రీల వేడిల కాలుస్తరు. రంగు మీద గోరు పెడితే ఎత్తుపల్లాలు తగులుతయి. తుప్పు కూడా ముందు స్క్రూ రంధ్రాల దగ్గర, పెచ్చు లేచిన అంచుల దగ్గర పడుతది. మొత్తం ఒక్కతీరు ఎర్రగ ఉంటే అది మాలాంటోళ్ల చేతిపని. ఫోన్ జూమ్ చేస్తే రంగుల చిన్న చిన్న చుక్కలు కనబడితే అది ప్రింటు. కొనండి, వద్దనను. పాతదని మాత్రం కొనకండి, అమ్మకండి.

వెనుక భాగంల ఊరు, సంవత్సరం చెక్కుదామని ముదీర్‌కు చెప్పిన. లేజర్‌కు అదెంత పని! "వెనుక ఎవరు చూస్తరు" అన్నడు. మళ్ల అడుగుత.

నా మట్టుకు నేను మొదలుపెట్టిన. మా బాపు జగిత్యాలల కిరాయి అంబాసిడర్ నడిపేటోడు. 2014ల ఉత్తర్‌పాడా కంపెనీల ఆ బండి తయారీ ఆగిపోయిందని విన్ననాడు అన్నం సరిగ తినలేదని అమ్మ ఫోన్ల చెప్పింది. ముదీర్‌ను అడిగి, మిగిలిన ముక్కల మీద ఆ బండి కోసిన. తుప్పు పట్టియ్యలే, తెల్ల రంగు వేసిన, బాపు బండి లెక్కనే. వెనుక షార్జా అని, 2025 అని, నా పేరు చెక్కిన. వచ్చే నెల చుట్టీకి పోతున్న. అంచులు పదునున్నయి, హ్యాండ్ బ్యాగ్‌ల పోనిస్తరా, లగేజీల వెయ్యాల్నా? తెలిసినోళ్లు ఎవరన్నా చెప్పండి.