గారె మంటలో పసుపు గుట్టు

ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో మాఘం వచ్చిందంటే పసుపు వాసనే. తవ్విన దుంపల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెడతారు. కొమ్ము ఎంత మెరిస్తే కొనేవాడి కన్ను అంతగా పడుతుంది. చిక్కంతా ఆ మెరుపుతోనే!

సీసం ఉండే లెడ్ క్రోమేట్ రంగు పూస్తే నాసిరకం కొమ్మూ నిగనిగలాడుతుంది. బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం బయటపడింది. నిఘా పెంచితే 2021కల్లా అది సున్నాకి దిగింది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. అందుకే మన చట్టం కిలో పసుపులో 10 మిల్లీగ్రాములకు మించి సీసం ఉండకూడదంటోంది. అంత తక్కువని కనిపెట్టేదెలా?

ప్రయోగశాలల్లో అందుకో మంట ఉంది. పేరు ఐసీపీ టార్చ్. ఒకదానిలో ఒకటి దూర్చిన మూడు క్వార్ట్జ్ గొట్టాలు, పైన రాగి తీగ చుట్ట. అందులో రేడియో తరంగాల కరెంటు పారితే ఆర్గాన్ వాయువు ప్లాస్మాగా మారి, 6 వేల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం కంటే ఎక్కువ!

మరి క్వార్ట్జ్ కరిగిపోదా? కిటుకంతా గాలి నడకలోనే ఉంది. బయటి గొట్టంలోకి నిమిషానికి దాదాపు 15 లీటర్ల ఆర్గాన్‌ను పక్క నుంచి వదులుతారు. అది సుడి తిరుగుతూ గోడ వెంట పైకి పాకి, మంటను గోడకు అంటనివ్వదు. 1961లో అమెరికాలో థామస్ రీడ్ వాడిన ఉపాయమిది. మధ్య గొట్టంలోని కొద్దిపాటి వాయువు మంటను కాస్త పైకి ఎత్తిపడుతుంది. యాసిడ్‌లో కరిగించిన పసుపును మంచులా చిమ్మి, లోపలి సన్న గొట్టంలోంచి నిమిషానికి లీటరు వాయువుతో పంపుతారు. అది మంట నడుమ దూసుకెళ్తుంది. మంట అచ్చం చిల్లు గారెలా మారుతుంది!

ఆ లీటరు తగ్గితే తుంపర మంటలోకి దూరలేక పక్కలకు జారిపోతుంది. పెరిగితే సరిగా వేడెక్కకముందే దాటిపోతుంది. ఎటు తప్పినా అంకె తప్పే. తూకం కుదిరితే సీసం పరమాణువులు తమదైన కాంతిని వెదజల్లుతాయి. కాంతి ఎంతో, సీసం అంత.

ఆ అంకె తప్పితే కల్తీ సరుకు వంటింటికి చేరుతుంది, లేదా నిఖార్సైన రైతు సరుకు వెనక్కొస్తుంది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. పసుపు విలువ మెరుపుతో కాదు, ఇలాంటి పరీక్షతో తేలాలి.