ముక్కా లేని తాజ్

హెవీవెయిట్ అంటే ఏమిటి భాయ్? ఒక్క ముక్కాతో ఖేల్ ఖతం. ఆ ఒక్క ముక్కా కోసమే జనం నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చుంటారు.

2015 నవంబరులో డ్యూసెల్‌డార్ఫ్‌లో దొరికిందేమిటి? టైసన్ ఫ్యూరీ మీద వ్లాదిమిర్ క్లిచ్కో 12 రౌండ్లలో తగిలించినవి 52 దెబ్బలు. రౌండుకు ఐదు కూడా లేవు! తొమ్మిదేళ్లకు పైగా కాపాడుకున్న తాజ్‌ను చేతులారా అప్పజెప్పాడు. గెలిచిన ఫ్యూరీవి 86. జీత్ అతనిదే, కానీ ఎవరి దిల్ గెలిచాడు?

"అది హిఫాజత్, మీకు తెలీదు" అంటారు కొందరు. హిఫాజత్ ఐబ్ కాదు జనాబ్. 1974లో కిన్షాసాలో మన ముహమ్మద్ అలీ కూడా తాళ్లకు ఆనుకుని ఫోర్‌మన్ దెబ్బలు కాచుకున్నాడు. ఆ సబర్ వెనక ఒక ఇరాదా ఉంది. ఎనిమిదో రౌండులో ఫోర్‌మన్ నేల మీదున్నాడు. క్లిచ్కో సబర్ వెనక ఉన్నది ఓటమి ఖౌఫ్ ఒక్కటే. ఏళ్ల తరబడి అదే తమాషా: దూరం నుంచి ఎడమచేత్తో పొడవడం, దగ్గరికొస్తే వాటేసుకోవడం.

అదే క్లిచ్కో 2017లో, 41 ఏళ్ల వయసులో, వెంబ్లీలో ఆంథొనీ జాషువాతో తలపడ్డాడు. ఐదో రౌండులో పడ్డాడు, లేచాడు. ఆరో రౌండులో జాషువానే పడగొట్టాడు. పదకొండులో ఓడాడు. ఆ హార్ తెచ్చిన ఇజ్జత్ అన్నేళ్ల జీత్‌లూ తేలేదు.

పిల్లలకు ఆ రాత్రి చూపించండి. ఓడితే ఐబ్ లేదు బేటా, బరిలో దిగి చేతులు దాచుకుంటేనే ఐబ్. చూసేవాడి ఆశ కూడా అమానతే.