మేము తీయని ఫోటో

కోబే నగరంలో నాలుగేళ్లు నివసించి అనంతపురానికి తిరిగివచ్చిన నాడు మా సామానులో అన్నిటికంటే బరువైనవి ఫోటోల ఆల్బములే. పరాయి దేశంలో ఉన్న కుటుంబాలన్నిటిలాగే మేమూ కంటికి కొత్తగా తోచినదల్లా ఫోటో తీశాము: వసంతంలో విరిసే సకురా పూలు, అతిథికి తేనీరు అందించే మర్యాద, చెప్పులు వాకిట విడిచి అడుగుపెట్టే ఇళ్లు. భారతీయ వర్తకుల, తాతారు ముస్లిముల చందాలతో 1935లో వెలసిన కోబే మస్జిదు కూడా అందులో ఉన్నది. 1945 నాటి బాంబుదాడులను, 1995 నాటి భూకంపాన్ని తట్టుకొని నిలిచిన మస్జిదు అది.

అయితే ఆల్బములు తిరగవేస్తూ మా దాదా వీటిలో దేనివద్దా ఆగలేదు. షికోకు ద్వీపంలోని కగావా ప్రాంతంలో మేము తీసిన నాలుగైదు చెరువు ఫోటోల వద్ద ఆగిపోయారు.

కగావాలో మనకు రెట్టింపు వర్షం కురుస్తుంది. అయినా జపాన్‌లో అది నీటి ఎద్దడి సీమ కిందే లెక్క. పెద్ద నదులు లేవు. అందువలన అక్కడి పూర్వులు పదివేలకు పైగా చెరువులు నిర్మించుకున్నారు. వాటిలో మన్నో చెరువు 8వ శతాబ్దం నాటిది. కట్ట తెగినప్పుడు 821లో కూకై అనే బౌద్ధ భిక్షువు పూనుకొని బాగుచేయించారు. నేటికీ ఏటా జూన్ నడుమ, వరినాట్ల వేళకు తూము తెరుస్తారు; చూడటానికి జనం చేరుతారు. పంట పనులు ముగిశాక చెరువును ఖాళీచేసి, బురద తీసి, కట్టను మరమ్మతు చేసుకోవటం ఆ పల్లెల పాత ఆచారం. మోకాలి లోతు బురదలో నిలిచిన వృద్ధులను మేము ఫోటో తీశాము.

దానిని చూసి దాదా, "వీళ్లకు దశబంధం మాన్యం ఏమైనా ఉందా, బేటా?" అని అడిగారు.

మాకు అర్థం కాలేదు. చెరువును కాపాడేవారికి పూర్వం పాలకులు పన్ను తగ్గించి ఇచ్చిన భూమిని దశబంధం అంటారని, మడులకు నీరు పంచేవాడు నీరుగంటి అని ఆయన వివరించారు. వానలకు ముందు ఇంటికొక మనిషి వచ్చి కాలువ పూడిక తీసేవారట; అందులో హిందువు, ముస్లిము అన్న భేదం లేదట. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిపై, పండమేరు నీటిని ఆపి విజయనగర కాలంలో కట్టిన అనంతపురం చెరువు మొదలు మా ఊరి కుంట వరకు ఆ శ్రమ మీదనే నిలిచాయన్నారు. బోరుబావులు వచ్చాక కట్టవైపు చూసేవారు తగ్గిపోయారన్నారు. ఏ పొలం తర్వాత ఏ పొలానికి నీరు పారాలో వేళ్లపై లెక్కించి చెప్పారు.

ఆ సాయంత్రం కెమెరా మా చేతిలోనే ఉన్నది. ఆయన మాటలు వ్రాసుకోలేదు. ఆయనను కట్టమీదికి తీసుకువెళ్లి ఒక్క ఫోటో తీయలేదు. మరుసటి రంజాను నాటికి దాదా అల్లాహ్ సన్నిధికి చేరారు. కాలువల వరుస ఆయనతోనే పోయింది.

పరుల ఊరి బురద మాకు విశేషంగా కనిపించింది. మన ఊరి బురద బురదగానే కనిపించింది. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదన్న దైవప్రవక్త (సఅసం) బోధను పిల్లలకు నేర్పుతాము. ఆ నీటిని మనకోసం నిలిపిన చేతులేవో కూడా వారికి చెప్పవద్దా?

గత నెల నుండి ప్రతి ఆదివారం అస్ర్ నమాజు తర్వాత పిల్లలతో చెరువుకట్టకు వెళుతున్నాము. ఊరిలో మిగిలిన పెద్దలను అడిగి తూమును, కాలువను, కుంటను ఒక్కొక్కటిగా ఫోటో తీసి వెనుక పేరు వ్రాస్తున్నాము. మూడు కాలువల పేర్లు ఇంకా దొరకలేదు. మీ ఇంట పెద్దలుంటే, వారు ఉండగానే అడిగి వ్రాసుకోండి.