ఎవరు నేర్పారు?

పిల్లలూ! ఒక లెక్క మీకు ఎంతకీ రాలేదు. పక్కింటి అన్నయ్య ఓపికగా చెప్పి చేయించాడు. మర్నాడు బడిలో మేష్టారు మీ పలక చూసి, "భేష్! ఈ కిటుకు నీకెలా తెలిసింది?" అని అడిగారు. అప్పుడేమంటారు? "పక్కింటి అన్నయ్య నేర్పాడండీ" అనడమే గదా న్యాయం!

శాస్త్రజ్ఞులు కూడా ఇలాగే చేస్తారు. ఒక డాక్టరు కొత్త సంగతి కనిపెడితే, దాన్ని వ్యాసంగా రాసి శాస్త్ర పత్రికలో ప్రకటిస్తాడు. తనకు ఏయే వ్యాసాలు సాయపడ్డాయో చివర రాస్తాడు. ఇలా పేర్కొనడాన్నే 'సైటేషను' అంటారు. ఏ వ్యాసాన్ని ఎవరెవరు పేర్కొన్నారో తెలిపే పెద్ద సూచికను 1964లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డు వెలువరించాడు. దానితో శాస్త్రజ్ఞులకు కూడా మార్కులు వేయడం సులువయింది.

ఈ మార్కుల సంగతి తెలియాలంటే మన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ వినాలి. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. 1925లో ఫిస్కె అనే ప్రొఫెసరూ, ఆయనా కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఉపాయం ఒకటి ప్రకటించారు. రక్తంలోని మాంసకృత్తులను తీసివేసి, మిగిలిన ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే రంగు చిక్కన; తక్కువైతే పలచన. ఎంత భాస్వరం ఉన్నదో ముందే తెలిసిన ద్రవం రంగుతో దీన్ని పోల్చి చూస్తే సరి!

ఈ వ్యాసాన్ని వేలాది శాస్త్రజ్ఞులు పేర్కొన్నారు. పద్ధతి పాఠ్యపుస్తకాలకు ఎక్కిన తరవాత, ఎలాగూ అందరికీ తెలిసిందే గనక, కొందరు పేర్కొనడం మానేశారు. మీరు మాత్రం, లెక్కలో సున్నా వేసినప్పుడల్లా దాన్ని కనిపెట్టినవారిని తలుచుకుంటున్నారా?

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు మరొక లెక్క కట్టాడు. దాని పేరు 'హెచ్ సూచిక'. ఒక డాక్టరు అయిదు వ్యాసాలు రాశాడనుకోండి. వాటిని ఇతరులు 9, 6, 4, 3, 1 సార్లు పేర్కొన్నారు. కనీసం మూడేసిసార్లు పేర్కొన్న వ్యాసాలు మూడుకు తక్కువ లేవు. కనీసం నాలుగేసిసార్లు పేర్కొన్నవి నాలుగు లేవు. అందుచేత ఆయన సూచిక 3. మరి, ఆ తొమ్మిదిని 9,000 చేసి మళ్ళీ లెక్కకట్టండి. ఎంత వచ్చింది? అప్పుడూ మూడే! నీలిరంగు వ్యాసం వంటిది వేలసార్లు ఉపయోగపడినా, ఈ లెక్కలో ఒక్క వ్యాసం కిందికే వస్తుంది.

ఇంకొక చిత్రం వినండి. సుబ్బారావుగారు 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధనలు నడిపించారు. అక్కడ ఆయన బృందం 'అమినాప్టెరిన్' అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తపు కాన్సరు వచ్చిన పిల్లలకిచ్చి చూశాడు. 1948 జూన్‌లో ఆయన ప్రకటించిన వ్యాసం ప్రకారం, 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. అది కొద్దికాలమే నిలిచినా, అంతవరకూ ఏ ఆశా లేని తల్లిదండ్రులకు మొదటిసారిగా ఒక దారి కనిపించింది. ఈ మందుకు తోబుట్టువు వంటి 'మెథోట్రెక్సేటు'ను డాక్టర్లు ఈనాటికీ వాడుతున్నారు.

ఫార్బర్ వ్యాసానికి రచయితలు అయిదుగురు. వారిలో సుబ్బారావుగారి పేరు లేదు! ఆ వ్యాసాన్ని ఎంతమంది పేర్కొన్నా ఆయన ఖాతాలో ఒక్క మార్కూ పడదు. అది వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు.

అయితే మార్కులు దండగా? కాదు. ఎవరి పని ఎవరికి అక్కరకు వచ్చిందో అవి కొంతవరకు చెబుతాయి. కాని మందు తాగి, లేచి ఆడుకునే పిల్లవాడు వ్యాసాలు రాయడు గదా! వాడి లెక్క ఏ సూచికలోనూ చేరదు.

ఇవాళ రాత్రి పడుకోబోయే ముందు ఒక కాగితం తీసుకోండి. ఈత, సైకిలు, ముగ్గు, పద్యం — మీకు వచ్చినవన్నీ రాసి, ఒక్కొక్కదాని పక్కన అది నేర్పినవారి పేరు రాయండి. పక్కింటి అన్నయ్యను మాత్రం మరిచిపోకండేం!