తూకానికి అందని విషం

ఉదయాన్నే సెల్‌ఫోనులో గాలి నాణ్యత సూచీ చూసుకొని నడకకు బయలుదేరేవారు నగరాలలో పెరిగారు. మంచిదే. అయితే అందులో కనిపించే పి.ఎం. 2.5 అనే అంకె సూక్ష్మధూళి తూకాన్ని మాత్రమే చెబుతుంది. ఆ ధూళి రోడ్డు మట్టియా, డీజిల్ మసియా, చెత్తకుప్పల పొగయా అన్నది తూకానికి అందదు. థర్మామీటరు జ్వరమెంతో చెబుతుంది. అది మలేరియానో టైఫాయిడో తేలాలంటే రక్తపరీక్ష కావాలి.

గాలికీ అటువంటి పరీక్ష ఉంది. పంపు సాయంతో గాలిని క్వార్ట్జ్ వడపోత కాగితం గుండా గంటల తరబడి లాగుతారు. దానిపై పేరుకున్న ధూళిలోని సేంద్రియ పదార్థాలను టోలీన్ వంటి ద్రావణిలోకి దింపి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి పంపుతారు. వేడెక్కిన సన్నని పొడవాటి గొట్టంలో ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క వేగంతో సాగి, విడివిడిగా బయటికి వస్తుంది. చివరనున్న మాస్ స్పెక్ట్రోమీటరు ఆ అణువులను ముక్కలు చేసి, ముక్కల బరువులను బట్టి పదార్థాన్ని గుర్తుపడుతుంది. కట్టెలు కాలితే లీవోగ్లూకోసాన్, ప్లాస్టిక్ కాలితే ట్రైఫినైల్ బెంజీన్, వాహనాల ఇంజిన్ ఆయిల్ నుండి హోపేన్లు కనబడతాయి. ఎవరు కాల్చారో చెప్పకపోయినా, ఏది కాలిందో ఈ పరీక్ష పట్టిస్తుంది.

వీటన్నిటిలో వైద్యులు భయపడేది బెంజోపైరీన్‌కు. కట్టె, బొగ్గు, చెత్త, ఇంధనం సరిగా కాలనప్పుడు ఇది పుడుతుంది. మానవులలో క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది. పొగగొట్టాలు శుభ్రంచేసే పనివారికి వృషణకోశపు క్యాన్సరు మసి వల్లనే వస్తున్నదని లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే వ్రాశాడు. కోల్‌తారు నుండి బెంజోపైరీన్‌ను వేరుచేసిన ఫలితాలు వెలువడడానికి 1933 వరకు ఆగవలసివచ్చింది.

మన దేశపు 2009 నాటి ప్రమాణాలలో దీనికి వార్షిక పరిమితి ఘనమీటరు గాలికి 1 నానోగ్రాము, పి.ఎం. 2.5కు 40 మైక్రోగ్రాములు. అంటే అందులో నలభై వేలవ వంతు! ఇది పది రెట్లు పెరిగినా మొత్తం తూకంలో తేడా తెలియదు. పైగా సూచీ లెక్కలోకి వచ్చే 8 కాలుష్యకాలలో ఇది లేనేలేదు. ప్రమాణం పెట్టుకొని, ఆ కొలతను రోజూ జనం చూసే చోట చూపకపోవడమే నా అభ్యంతరం.

పరీక్ష ఖరీదైనది, ఫలితం వెంటనే రాదు అనవచ్చు. నిజమే. కాని ఏళ్ల తరబడి పీల్చడం వల్ల కలిగే హానికి గంటగంటకూ లెక్క అక్కరలేదు. కాలుష్య నియంత్రణ మండలి నెలకొకసారి, సూచీ పక్కనే, ఈ అంకెను కూడా ప్రకటిస్తే చాలు. నమూనాలు కూడళ్లలోనే కాక డంపింగ్ యార్డుల అంచున, కట్టెల పొయ్యి మీద వండే పల్లెలలోనూ తీయాలి. బీడీ ముట్టని స్త్రీలు పొయ్యి పొగతో ఊపిరితిత్తులు పాడై ప్రభుత్వాసుపత్రికి రావడం నా ఉద్యోగకాలమంతా చూశాను. అంతవరకు ఎండుటాకులు, ప్లాస్టిక్ సంచులు కలిపి వీధిలో తగలబెడుతుంటే మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయండి. సూచీ ఆకుపచ్చగా ఉన్న రోజున కూడా.